విధవా శబ్దము – దాని లాటిను తోబుట్టువు

గుంటూరు చెంతనున్న నల్లపాడు రైలు స్టేషను ఒక జంక్షను. నంద్యాలకు బోవు దారియు, నడికుడి మీదుగా పగిడిపల్లికి బోవు దారియు నచ్చట చీలును. ఆ స్టేషను గుంటూరు డివిజనులోనిది. ప్రత్తి మిరప పండించు రైతులు సైతము వాడుకగా పలుకు ఈ రెండు మాటలును ఇంగ్లీషు ద్వారమున మనకు వచ్చిన లాటిను మాటలు. ఒకటి కలయికను, రెండవది ఎడబాటును జెప్పును. రెండింటికిని సంస్కృతమున రక్తబంధువులు గలరు.

జంక్షను మాట సులభము. లాటినులో ‘యుంగెరె’ యనగా కలుపుట. మన ‘యుజ్’ ధాతువు దాని తోబుట్టువు. ఎద్దుల మెడపై వేయు కాడిని రోమనులు ‘యుగుమ్’ అనిరి, వైదికులు ‘యుగమ్’ అనిరి. భార్యకు గాని భర్తకు గాని రోమనులు వాడిన ‘కొన్యుంక్స్’ అను పేరు ఆ ధాతువునుండి పుట్టినదే. తెలుగు ఈ కుటుంబములోనిది కాదని 1816లోనే ఎల్లిస్ పండితుడు కాంబెల్ తెలుగు వ్యాకరణపు పీఠికకు చేర్చిన వ్రాతలో నిరూపించెను. కావున ఈ చుట్టరికము మనకు సంస్కృతపదములను దత్తు తెచ్చుకొనుటవలన గలిగినది.

డివిజను కథ ఇంతకంటె గంభీరము. ‘దివిదెరె’ యనగా విడదీయుట. భర్తలేని స్త్రీకి లాటినులో నున్న ‘విదువ’ యను పేరును ఆ ధాతువునకు జెందినదే. మన ‘విధవ’యు, ఇంగ్లీషు ‘విడో’యు, రష్యనుల ‘వ్దొవా’యు దాని తోబుట్టువులు. మన పండితులు విధవా శబ్దమును ‘వి’, ‘ధవ’ యని విఱిచి, ధవుడు లేనిది యని యర్థము చెప్పుదురు. యాస్కుడు నిరుక్తమున ఈ యొక్క దారితో తృప్తిపడలేదు. పోషకుడు లేనిదనియు, వణకునదనియు, ఇటునటు పరుగెత్తునదనియు జెప్పి, ధవ యనగా మనుష్యుడను పక్షమును కడపట జేర్చెను. అంతటి ప్రాచీనుడే ఇన్ని దారులు వెదకెననగా మూలార్థము అప్పటికే మఱుగుపడెనని మాకు దోచుచున్నది. తోడి భాషలతో బోల్చి చూచినవారు, భర్తృవాచకమగు ధవ శబ్దమే విధవను విఱుచుటవలన దరువాత బుట్టినదనుచున్నారు. మూలమున నున్నది ఎడబాటు. అమంగళమును, ముండనమును ఆ ధాతువులో నెచ్చటను గానరావు.

రోమునందు ఈ మాట యేమయ్యెనో చూతము. భర్తను గోల్పోయినదియే గాక, ఎన్నడును భర్తలేని స్త్రీయు విదువయే యని లాబియో యను ధర్మశాస్త్రజ్ఞుడు చెప్పెను. పురుషునకు ‘విదువుస్’ అను రూపము గలదు. విధవ పది నెలలు దుఃఖము పాటించి మరల పెండ్లాడవచ్చును. అగస్టస్ కాలమున క్రీ.పూ. 18లో వచ్చిన శాసనము ఏడాదియు, క్రీ.శ. 9లో వచ్చినది రెండేండ్లును గడువిచ్చి, పిమ్మటను పెండ్లాడనిదానికి పరులు వీలునామాలో వ్రాసిన సొత్తు దక్కకుండ జేసినవి. రోమును స్వర్గముగా వర్ణించుట మా యుద్దేశము గాదు. ఏకభర్తృకను ‘ఉనివిర’ యని సమాధిశిలలపై పొగడుట అచ్చటను గలదు. కాని ఆ పొగడ్త నాశింపక పెండ్లాడినదానికి శిక్ష లేదు.

మన యింట ఆ మాట ‘వెధవ’యై తిట్టయ్యెను. వింత యేమనగా, దానిని మగవానిమీదనే యెక్కువగా విసరుదుము. భార్యను గోల్పోయినవానికి ‘విధురుడు’ అను పేరున్నను, అది యెవరి నోటను దిట్టుగా రాలేదు. స్త్రీలను దిట్టు మఱియొక మాట గొరిగిన తలనుండి వచ్చినది. మర్యాదకై తెచ్చుకొన్న ‘వితంతువు’ సైతము తెగిన సూత్రమునే జ్ఞాపకము చేయును. 1856లో పునర్వివాహ చట్టము వచ్చెను. తెలుగునాట వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును రాజమహేంద్రవరమున జరిపించినది 1881 డిసెంబరు 11న. నడుమ ఇరువదియైదేండ్లు గడచినవి. గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు ఆ పనికి బూనుకొనిరి; స్త్రీవిద్యకై 1922లో శారదానికేతనమును నెలకొల్పిరి.

పెండ్లిండ్లు జరిగినవి, తిట్టు మాత్రము మిగిలినది. కొడుకును ముద్దుగా ‘వెధవాయీ’ యని పిలుచు తల్లి, ఆ పిలుపు వినుచు వంటయింటిలో గూర్చున్న మేనత్తను దలపునకు దెచ్చుకొనదు.