ఉల్లేఖనల లెక్కలో ఎల్లాప్రగడ సుబ్బారావు

ఒక శాస్త్రవేత్త ఎన్ని పరిశోధనా పత్రాలు ప్రచురించారు, వాటిని తరవాతివారు ఎన్నిసార్లు ఉల్లేఖించారు అనే లెక్క ఇవాళ ఉద్యోగాలకూ, పదోన్నతులకూ, పరిశోధనా నిధులకూ కొలబద్ద అయింది. అయితే చరిత్రకారుడికి ఈ లెక్క ఎంతవరకు ఆధారం కాగలదు? చరిత్ర విద్యార్థులుగా మీరు అడగవలసిన ప్రశ్న ఇది. దీనికి జవాబు వెతకడానికి డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు ప్రచురణలను పరిశీలిద్దాం.

1895లో భీమవరంలో జన్మించిన సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో జీవరసాయన శాస్త్రవేత్త సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. 1925లో వీరిద్దరి పేర్లతో 'జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ'లో ఒక పత్రం వెలువడింది. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని అందులో వివరించారు. నమూనాలోని ఫాస్ఫేటు ఆమ్లంలో మాలిబ్డేటుతో కలుస్తుంది. దానికి క్షయకరణ కారకాన్ని చేర్చితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ.

ఆ పత్రంలో గొప్ప సిద్ధాంతమేమీ లేదు. ఉన్నది ఒక పనిముట్టు. ప్రయోగశాలల్లో ఆ పనిముట్టును వాడిన ప్రతివారూ తమ వ్యాసం చివర ఆ పత్రాన్ని పేర్కొనవలసి వచ్చింది. అందుకే దశాబ్దాల తరబడి వేల ఉల్లేఖనలు పోగుపడ్డాయి. ఇది ఈ ఒక్క పత్రం విశేషం కాదు. ప్రపంచంలో అత్యధికంగా ఉల్లేఖించబడినదిగా పేరొందిన లౌరీ పత్రం (1951) కూడా ప్రోటీనును కొలిచే పద్ధతిని గురించినదే. దాని ఉల్లేఖనలు 3 లక్షలు దాటాయి. పద్ధతులు చెప్పే పత్రాలకు ఈ లెక్కలో మొదటినుంచీ మొగ్గు ఉందని దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఇప్పుడు దీని రెండవ ముఖం చూడండి. కండర ద్రావణంలో ఇదే పద్ధతిని ప్రయోగించినప్పుడు నీలిరంగు ఆలస్యంగా రావడాన్ని ఫిస్కే, సుబ్బారావు గమనించారు. కారణం వెతుకుతూ పోగా, తేలికగా విచ్ఛిన్నమయ్యే ఫాస్ఫోక్రియాటిన్ అనే సమ్మేళనం దొరికింది (1927). 1929లో కండరం నుంచి ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. ఏటీపీ నేడు ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకాల్లో ఉంది. కానీ ఏటీపీని గురించి రాసేవారిలో ఆ 1929 పత్రాన్ని ఉల్లేఖించేవారు ఎందరు? ఒక ఆవిష్కరణ అందరికీ తెలిసిన సంగతి అయిపోయాక దాని మూలాన్ని పేర్కొనడం మానేస్తారు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ ధోరణిని ప్రత్యేకంగా చర్చించారు. కాబట్టి ఉల్లేఖన తగ్గడాన్ని ప్రభావం తగ్గడంగా చదవకూడదు.

పేరు విషయం మరీ చిక్కు. యూజీన్ గార్ఫీల్డ్ 1960లలో ప్రారంభించిన 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' అచ్చు సంపుటాల్లో ఉల్లేఖిత పత్రాలను మొదటి రచయిత పేరు కిందనే అమర్చేవారు. ఆ సంపుటాల్లో 1925 పత్రం కోసం ఫిస్కే పేరు కింద వెతకాలి. సుబ్బారావు ఇంటిపేరూ అసలు పేరూ అమెరికా పద్ధతికి ఒదగలేదు; ఇంగ్లిషులో ఆయన పేరును ఒకచోట ఒకే పదంగా, మరోచోట రెండుగా అచ్చువేశారు. ఇక అచ్చుకే రానివి వేరు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్కే వెలుగులోకి రానివ్వలేదనీ, వాటిని తరవాత మళ్ళీ కనుగొనవలసి వచ్చిందనీ జార్జ్ హిచింగ్స్ చెప్పారు. ఆయన అదే ప్రయోగశాలలో పనిచేసినవారు, 1988 నోబెల్ బహుమతి గ్రహీత. ఎంత పెద్దవారు చెప్పినా ఇది సహచరుడి సాక్ష్యం. ప్రచురిత పత్రంతో సమానంగా కాక, సాక్ష్యంగానే తూచాలి.

1940లో సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. అక్కడ పరిశోధన బృందాలుగా సాగేది. ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణను ప్రకటించిన 1945 పత్రం ఆంగియర్ పేరుతో మొదలవుతుంది. పదిమందికి పైగా ఉన్న రచయితల్లో సుబ్బారావు ఒకరు. ఆ బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో పిల్లల లుకేమియా తాత్కాలికంగా తగ్గిందని సిడ్నీ ఫార్బర్ బృందం 1948 జూన్‌లో ప్రకటించింది. ఆ పత్రానికి రచయితలు ఐదుగురు; వారిలో సుబ్బారావు లేరు. రెండు నెలలకే, ఆగస్టులో, ఆయన మరణించారు.

బోదకాలు మందు సంగతీ అంతే. డైఇథైల్ కార్బమజైన్‌ను గురించి 1947లో వెలువడిన పత్రంలో మొదటి పేరు హెవిట్‌ది. ఫైలేరియా ఉన్న మన జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి దగ్గరుండి మింగించే డీఈసీ మాత్ర అదే. ఆ మాత్ర మింగినవారి సంఖ్య జిల్లా ఆరోగ్యశాఖ రిజిస్టర్లలో ఉంటుంది. ఏ ఉల్లేఖన సూచికలోనూ ఉండదు.