ప్రభు భోజనము – యుగాంత నిరీక్షణ

కాలజ్ఞానమును గూర్చిన చర్చ రాయలసీమ గ్రామములకు క్రొత్త కాదు. కందిమల్లాయపల్లెలో జీవసమాధి పొందిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారి మాటలలో ఏవి జరిగిపోయినవి, ఏవి జరుగవలసియున్నవి అని పెద్దలు రచ్చబండపై లెక్కించుట నేటికిని వినవచ్చును. క్రైస్తవులలో గూడ ఇట్టి ప్రశ్నయే కలదు. యేసు పలికిన యుగాంత ప్రవచనములు మొదటి శతాబ్దిలోనే నెరవేరినవా, ఇంకను నెరవేరవలసియున్నవా? ఆరాధనలో పంచుకొను చిన్న రొట్టెముక్కకును ఈ ప్రశ్నకును గాఢమైన సంబంధము కలదు. ఆ సంబంధమెట్టిదో, మన సీమలో అదెట్టి పరీక్షకు లోనయ్యెనో పరిశీలింతము.

యేసు తన మరణమునకు ముందటి రాత్రి శిష్యులతో భుజించి, తన జ్ఞాపకార్థము అట్లు చేయుచుండుడని చెప్పెనని సువార్తలు తెల్పుచున్నవి. కథోలికులు దానిని దివ్యసత్ప్రసాదమనియు, ఇతరులు ప్రభు భోజనమనియు, కొందరు రొట్టె విరుచుట యనియు వ్యవహరింతురు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో ఈ భోజనమునకు ఒక గడువు పెట్టెను: ప్రభువు తిరిగి వచ్చుదాక ఆయన మరణమును ఇట్లు ప్రకటింపవలెను. ‘దిదాఖే’ యను ప్రాచీన గ్రంథమందు, కొండలపై చెదరియున్న గింజలు ఒక్క రొట్టె యైనట్లు తన ప్రజలను ఏకము చేయుమని దేవునికి ప్రార్థన కలదు. ప్రభువు రావలెనను పిలుపుతో ఆ భోజన ప్రార్థనలు ముగియును. కాబట్టి ఆదిలో భోజనమును నిరీక్షణయు ఒక్కటియే.

ఇక ప్రవచనముల మాట. యెరూషలేము దేవాలయము రాతిమీద రాయి నిలువక కూలునని, ఆ తరమువారు గతింపకముందే ఇవి జరుగునని యేసు చెప్పినట్లు సువార్తలలో కలదు. క్రీ. శ. 70లో రోమను సేనాని టైటసు ఆ నగరమును పట్టుకొనగా దేవాలయము దగ్ధమయ్యెను. యూదు చరిత్రకారుడు జోసీఫసు ఆ ఘోరమును విపులముగా వర్ణించెను. ప్రకటన గ్రంథములో అధికభాగము ప్రాచీన కాలముననే నెరవేరినదని స్పెయిను దేశపు జెసూటు పండితుడు లూయీ దె అల్కసారు వ్రాసిన గ్రంథము 1614లో వెలువడెను. ఇంగ్లండులో కాంగ్రిగేషనలు సంఘ బోధకుడైన జేమ్సు స్టూవర్టు రస్సెలు 1878లో మరియొక అడుగు ముందుకు వేసి, రెండవ రాకడయే ఆ యెరూషలేము పతనకాలమున జరిగిపోయినదని వాదించెను.

ఇచ్చటనే చిక్కు వచ్చినది. రాకడ జరిగినచో పౌలు పెట్టిన గడువు తీరినది గదా! మరి భోజన మెందులకు? ఆ వాదమును కడదాక అంగీకరించినవారిలో కొందరు ఈ సంస్కారమే ముగిసినదనిరి. మరికొందరు గడువనగా ముగింపు కాదనిరి. ప్రధాన సంఘములు మాత్రము, యెరూషలేమును గూర్చిన మాట నెరవేరినదనుటకు అభ్యంతరము లేకున్నను, క్రీస్తు తీర్పు తీర్చుటకు మరల వచ్చునను విశ్వాస ప్రమాణమును విడువలేదు. వారి బల్ల నిలిచినది.

బల్ల నిలిచినదే కాని, దానిచుట్టు వేరొక ప్రశ్న లేచినది. ఆ రొట్టెను విరుచుట కెవరికి అధికారము?

పులివెందుల ప్రాంతమునందలి తుమ్మలపల్లె నుండి ఉత్తరముగా పోయినచో పెన్న ఒడ్డున జమ్మలమడుగు, ఇంకను పైకి నంద్యాల వచ్చును. 1822లో లండను మిషనరీ సంఘము కడపలో పని ప్రారంభించెను. తరువాత జమ్మలమడుగు దాని ముఖ్య కేంద్రములలో నొకటి యయ్యెను. అది కాంగ్రిగేషనలు మార్గము. సంఘమువారు కోరుకొనిన బోధకుడు బల్లను నడుపవచ్చును. ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతములు ఆంగ్లికనులవి. అపొస్తలుల నాటినుండి వచ్చిన పరంపరలోని బిషప్పు చేతులుంచి నియమించిన గురువే ఆ కార్యము చేయవలెనని వారి నియమము. ఇరువురి భాష ఒకటి, చేలు ఒకటి, ధాత కరువు ఒకటి. బల్ల మాత్రము రెండు.

ఈ భేదము దక్షిణదేశమంతటను ఉండెను. 1919లో తరంగంబాడిలో బోధకులు సమావేశమై సంఘైక్యమునకు పిలుపునిచ్చిరి. వారిలో ప్రముఖుడు దోర్నకలు బిషప్పు వి. యస్. అజరయ్యగారు, ఆంగ్లికను సంఘమున ప్రథమ భారతీయ బిషప్పు. ఇరువదియెనిమిది సంవత్సరములు చర్చలు సాగెను. అజరయ్యగారు 1945 జనవరి 1న దివంగతులైరి; ఫలమును చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. అంతకుముందున్న బోధకులెవ్వరికిని పునర్నియామకము లేదు. ఇకమీదట నియామకములు బిషప్పుల చేత జరుగవలెనని ఒప్పందము.

జమ్మలమడుగువారు చేరిరి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో పెక్కురు చేరలేదు. దీనిని కేవలము మొండితన మనుట న్యాయము కాదు. తాము పుచ్చుకొనునది ప్రభువు నియమించిన భోజనమేనా యను శంక భక్తునికి చిన్న శంక కాదు. 1963లో నంద్యాల ప్రత్యేక అధ్యక్షఖండ మయ్యెను. 1970 తరువాతనే అది ఐక్య సంఘమున కలిసెను. అనగా ఒక తరము పుట్టి పెరిగినంత కాలము ఆ ఎడము నిలిచినది.

ఈ లోపల ఐక్య సంఘము 1950లో తన ప్రభు భోజన క్రమమును వెలువరించెను. అందులో సిరియను సంప్రదాయము ననుసరించి సంఘమంతయు ఏకకంఠముతో మూడు సంగతులు పలుకును: ప్రభువు మరణము స్మరింతుము, పునరుత్థానము నొప్పుకొందుము, రాకడకై ఎదురుచూతుము. పలుకువాడు గురువు కాదు, ప్రజ. బిషప్పును కోరినవారును కోరనివారును సందేహము లేక పలుకగలిగిన మాట లివి.

గోదావరి డెల్టాలో 1836 నుండి పనిచేసిన బ్రదరెన్ వారు గురువే లేకుండ ప్రతి ఆదివారమును రొట్టె విరుచుచు రాకడకై వేచియుండిరి. వారి పద్ధతి నంద్యాల వారికి సమ్మతము కాదు. వారి నిరీక్షణ మాత్రము నంద్యాల వారిదే.

ప్రవచనము నెరవేరిన తేదీని గూర్చి పండితులు వాదింతురు, వాదింపనిండు. మన సీమ చరిత్ర చెప్పునది వేరు. అధికారము కొరకు గతమును చూచినపుడు బల్లలు రెండైనవి. అందరును ఎదురుచూచు దినమును తలచినపుడు అవి దగ్గరకు జరిగినవి. జమ్మలమడుగు నుండి నంద్యాల దూరము స్వల్పమే. అది దాటుట కొక తరము పట్టినది, అయినను దాటిరి.