వంటింటి బల్ల మీద తూటాలు

అప్పడాలు పెట్టిన రోజున ఎవరెన్ని వత్తారో లెక్క చెప్పుకోవడం మన ఇళ్ళల్లో మామూలే. పెద్దకోడలు రెండువందలు, ఆడపడుచు నూటయాభై, మధ్యలో వచ్చి పిండి తినిపోయిన పిల్లవాడు పది. సరిగ్గా ఇలాంటి లెక్కే ఒకటి అమెరికా చరిత్రలో భద్రంగా ఉంది. కాకపోతే అది తుపాకీ గుండ్ల లెక్క.

1776 జూలై 9వ తేదీన న్యూయార్కులో జనం ఇంగ్లండు రాజు మూడవ జార్జి విగ్రహాన్ని కూలదోశారు. బంగారుపూత పూసిన సీసపు విగ్రహం అది. దాని ముక్కలు చాలావరకు కనెక్టికట్ రాష్ట్రంలోని లిచ్‌ఫీల్డు అనే ఊళ్ళో ఆలివర్ వోల్కాట్ గారింటికి చేరాయి. ఇంట్లో ఆడవాళ్ళూ, పిల్లలూ, ఇరుగుపొరుగూ కలిసి ఆ సీసాన్ని కరిగించి, అచ్చుల్లో పోసి గుండ్లు చేశారు. ఎవరెన్ని చేశారో వోల్కాట్ గారి కాగితాల్లో ఉంది. రూత్ మార్విన్ 11,592. వోల్కాట్ గారి కూతురు లారా 8,378. చిన్నకూతురు మేరీ ఆన్ 10,790. అప్పటికి ఆ పిల్లకి పదకొండేళ్ళు, అక్కనే మించిపోయింది! తమ్ముడు ఫ్రెడరిక్ 936తో సరిపెట్టాడు. మొత్తం 42,088 గుండ్లు. వోల్కాట్ గారు స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన పెద్దమనిషి కనక ఆయన పేరు చరిత్రకెక్కింది. నాకు మాత్రం పొయ్యి దగ్గర కూర్చున్న మేరీ ఆనే కళ్ళముందు మెదులుతుంది.

ఆ రోజుల్లో గుండ్లు చేసుకోవడానికి కావలసిన సామానంతా కలిపితే ఒక పొయ్యి, ఒక గరిటె, ఒక అచ్చు. అమెరికాలో ఇంట్లో తూటాలు చేసుకునే సరదా ఈనాటికీ పోలేదు. పేల్చేసిన తూటా ఖాళీగొట్టాన్ని దాచుకుని మళ్ళీ నింపుకుంటారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఏ సామాను కొనాలా అన్నదే పెద్ద చిక్కు. నేను తుపాకీ ముట్టినదాన్ని కాను. గరిటె, తక్కెడ, అడకత్తెర మాత్రం బాగా ఎరిగినదాన్ని. ఆ సామాను చరిత్ర చదువుతుంటే మూడూ అందులో కనిపించాయి.

తూటా అనగానే మనకి 1857 గుర్తుకొస్తుంది. సిపాయిలు పళ్ళతో కొరకవలసిన ఆ ఎన్‌ఫీల్డు రైఫిలు తూటా ఉత్త కాగితం పొట్లం. లోపల ఇంత మందు, ఒక గుండు. తరువాత ఇత్తడిగొట్టం తూటా వచ్చింది. ఇందులో నాలుగు వస్తువులుంటాయి. గొట్టం, అందులో మందు, మూతిలో గుండు, అడుగున నిప్పురవ్వ పుట్టించే ప్రైమరు అనే బుల్లి మూత. గుండు ఎగిరిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమరు చచ్చిపోతుంది. గొట్టం మిగులుతుంది. నాలుగింటిలోనూ ఖరీదైనది అదే. తిన్నాక పారేయడానికి అదేమైనా విస్తరాకా? ఇత్తడి గిన్నె! తోముకుని మళ్ళీ వాడుకోవాలనిపించడం సహజం కదూ.

ఇక్కడే చరిత్ర ఒక తమాషా చేసింది. 1866లో ఇద్దరు మనుషులు రెండు రకాల ప్రైమర్లు కనిపెట్టారు. హైరమ్ బెర్డాన్ అమెరికావాడు, ఎడ్వర్డ్ బాక్సర్ ఇంగ్లీషువాడు. బాక్సరు రకంలో గొట్టం అడుగున నడిమధ్య ఒకే చిల్లు. పైనుంచి ఒక సూది దింపి నొక్కితే పాత ప్రైమరు ఊడి వచ్చేస్తుంది. బెర్డాన్ రకంలో చిల్లులు చిన్నవి, మధ్యనుంచి పక్కకి జరిగి ఉంటాయి. సూది దిగదు. చిత్రమేమిటంటే అమెరికావాడిది యూరపులో స్థిరపడింది, ఇంగ్లీషువాడిది అమెరికాలో స్థిరపడింది. అల్లుళ్ళు తారుమారైనట్టు! అమెరికాలో ఇంటింటా ఈ పని సాగడానికి ఆ నడిమి చిల్లు చాలావరకు కారణమని నా ఉద్దేశం.

1884లో జాన్ బార్లో అనే ఆయన న్యూహేవెన్‌లో ఐడియల్ అనే కంపెనీ పెట్టి, చేతిలో పట్టే పనిముట్టు ఒకటి అమ్మాడు. బొమ్మ చూస్తే నవ్వొచ్చింది, అచ్చం మన అడకత్తెరే. రెండు పిడులు పట్టి నొక్కితే ప్రైమరు కూర్చుంటుంది, గుండు మూతిలో బిగుస్తుంది. కొన్నిటికి చివర గుండ్లు పోసే అచ్చు కూడా ఉండేది. వేటగాళ్ళు సంచిలో వేసుకుపోయి రాత్రి నెగడు దగ్గర కూర్చుని తూటాలు కట్టుకునేవారు. మందు కొలవడానికి చిన్న గరిటె చాలు. అది నల్లమందు కనక గొట్టం నిండా పోసేవారు. మరీ ఎక్కువ పోద్దామన్నా చోటుండేది కాదు.

ఆ నిశ్చింత ఎంతోకాలం నిలవలేదు. 1884లోనే ఫ్రాన్సులో పాల్ వియే అనే శాస్త్రజ్ఞుడు పొగరాని మందు తయారుచేశాడు. 1890ల్లో అది అమెరికా వేటగాళ్ళ రైఫిళ్ళలోకీ వచ్చింది. దీని బలం చాలా ఎక్కువ. కొన్ని రకాలు గొట్టంలో సగం పోస్తేనే సరిపోతాయి. అంటే పరధ్యానంలో రెండోసారి పోసినా పట్టేస్తుంది! అలాంటి తూటా పేలిస్తే తుపాకీయే బద్దలవుతుంది. వెనక ఉన్న మనిషి కళ్ళూ, వేళ్ళూ ఏమవుతాయో చెప్పక్కర్లేదు. రకరకాల మందులు చూడడానికి ఒకేలా ఉంటాయి, బలం మాత్రం వేరు. అలా ఇంటి సామానులోకి తక్కెడ వచ్చి చేరింది. గరిటె కొలత పోయి తూకం వచ్చింది. ఆ తూకానికి 'గ్రెయిన్' అని పేరు, అంటే గింజ. పౌనుకి 7,000 గింజలు. మన కంసాలి గురివిందగింజలో సుమారు సగం బరువన్నమాట. మందు తూచే తక్కెడ ఆ గింజలో పదోవంతు కూడా చూపించాలి. బంగారం తూచేటప్పుడు మనం కంసాలి చేతికేసి ఎలా కళ్ళప్పగించి చూస్తామో, అంత శ్రద్ధ కావాలి.

పొగరాని మందు ఇంకో చిక్కు కూడా తెచ్చింది. అప్పటి ప్రైమర్లలో పాదరసం ఉండేది. నల్లమందు మసి దాన్ని పీల్చేసుకునేది. ఇప్పుడు మసి లేదు, పాదరసం నేరుగా ఇత్తడిని పట్టుకుంది. పాదరసం తగిలిన బంగారు గాజు ఏమవుతుందో తెలిసిన వాళ్ళకి వేరే చెప్పాలా? గొట్టాలు పెళుసెక్కి పగిలేవి. 1898లో సైన్యం వారి ఫ్రాంక్‌ఫర్డ్ కర్మాగారం ప్రైమర్లలో పాదరసం మానేసింది.

రెండో ప్రపంచయుద్ధంలో గుండ్లకి కరువొచ్చింది. కాలిఫోర్నియాలో ఓరొవిల్ అనే ఊళ్ళో ఫ్రెడ్ హంటింగ్టన్ తండ్రికి చాకిరేవు దుకాణం ఉండేది. 1943లో దాని వెనకగదిలో, చిన్న తూటాల ఖాళీగొట్టాలతో గుండ్లకి తొడుగులు చేసే అచ్చులు తయారుచేశాడు ఫ్రెడ్. రాక్‌చక్ అని ఉడుత జాతి జంతువుంది. దాన్ని వేటాడే గుండ్ల అచ్చు కనక ఆ పేరే పెట్టుకున్నాడు. అదే ఆర్.సి.బి.ఎస్. కంపెనీ అయింది. వీళ్ళు చేసే బల్లప్రెస్సు పనితీరు చెబుతాను. పేలిన గొట్టం ఉబ్బుతుంది. కాస్త నూనె రాసి, ప్రెస్సులో పెట్టి, పిడి లాగితే ఉక్కు అచ్చులోకి దూరి మళ్ళీ కొలతకొస్తుంది. నూనె రాయడం మరిచారో, ఇరుక్కుని రానంటుంది. జంతికల గొట్టమే ననుకోండి, పిండి బదులు ఇత్తడి.

యుద్ధం ముగిశాక కాన్సాస్‌లో బ్రూస్ హాడ్జ్‌డన్ జీవితబీమా మీద అప్పుచేసి, సైన్యానికి మిగిలిపోయిన మందు కొన్నాడు. ఇంట్లో పెట్టుకునే సరుకు కాదు కదా! ఒక పాత రైలుపెట్టె తెచ్చి, పచ్చికబీట్లో నిలిపి అందులో దాచాడు. భార్య ఏమీ, కొడుకులూ ఆ వ్యాపారంలో చెయ్యేశారు. జీవితబీమా కాగితం తాకట్టుపెట్టి తుపాకీమందు కొంటానన్న భర్తని ఆ ఇల్లాలు ఏమందో చరిత్రకారులెవరూ రాయలేదు. మనం ఊహించుకోవలసిందే. 1949లో నెబ్రాస్కాలో జాయిస్ హార్నడీ గుండ్ల కంపెనీ పెట్టాడు. పేరు చూసి ఆవిడ అనుకునేరు, ఆయనే!

1958లో విస్కాన్సిన్‌లో రిచర్డ్ లీ ఇంటి పనిగదిలో ఒక చిన్న డబ్బాసెట్టు తయారుచేశాడు. మొదట షాట్‌గన్నుకి, తరువాత రైఫిలుకి. నాలుగైదు ముక్కలు, సుత్తితో కొట్టడం, మందుకి మళ్ళీ గరిటె. తొమ్మిది డాలర్ల తొంభై అయిదు సెంట్లకి అమ్మారు. బీదవాడూ మొదలుపెట్టగలిగాడు. కాని ఆ గరిటె వెంట ఏ మందుకి ఎన్నో చెప్పే పట్టిక ఉంటుంది, దాన్ని జవదాటకూడదు.

ఇప్పుడు ప్రెస్సుల్లో ఎన్నో రకాలు. పిడి ఒకసారి లాగితే ఒక్క పనే చేసేవి, గుండ్రంగా తిరుగుతూ నాలుగైదు పనులు ఒకేసారి చేసేవి. కొత్తవారు ఆ రెండోదాని మీద మోజుపడతారు. నన్నడిగితే మొదటిదే కొనమంటాను. ఒక్కో గొట్టాన్నీ మందు పోశాక దీపం కింద చూసే వ్యవధి అందులో ఉంటుంది. డబ్బు చాలకపోతే ప్రెస్సులో తగ్గించుకోవచ్చు, తక్కెడలో తగ్గించుకోకూడదు. మందు కంపెనీలు అచ్చువేసే కొలతల పుస్తకం తప్పనిసరి. బల్ల మీద ఒక్క మందుడబ్బా మాత్రమే ఉండాలని అనుభవజ్ఞుల కట్టుబాటు. పని కాగానే మిగిలింది ఆ డబ్బాలోకే వెళ్ళాలి. చీటీ లేని డబ్బాల్లో ఉప్పూ, పంచదారా పోసుకుని పాయసం పాడుచేసుకున్న ఇళ్ళు నాకు తెలుసు. వాళ్ళకి పాయసంతో పోయింది.

ఇదంతా ఆ దేశపు సంగతి సుమండీ. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు చెయ్యడం నేరం. అక్కడివాళ్ళు కూడా ఖర్చు కలిసొస్తుందనే మొదలుపెడతారుట. తూటా చవకయ్యింది కదా అని రెండింతలు పేలుస్తారుట, ఖర్చు ఎప్పటంతే. రిబేటులో నాలుగు చీరలు కొని ఎంత మిగిలిందో లెక్కచెప్పే మా పక్కింటావిడకి ఈ మాట చెబితే, "పోనీలెండి, చీరలు పేలవు కదా!" అంది.