వాల్తేరులో బేగం సాహెబా సబ్ర్

శాంతిని కాపాడటం పోలీసుల పని, పెద్దమనుషుల పని అనుకుంటాం. కాని 1921 సెప్టెంబరు 14న వాల్తేరులో జరిగినది చూడండి.

గాంధీజీ, ఖిలాఫత్ నాయకులు మౌలానా ముహమ్మద్ అలీ రైల్లో మద్రాసు వెళ్తున్నారు. వాల్తేరులో దిగి సభకు నడుస్తుండగా మౌలానాను పోలీసులు అరెస్టు చేశారు. శాంతంగా ఉండమని గాంధీజీ సభలో జనాన్ని కోరారు.

మౌలానా సతీమణి అమ్జదీ బానో బేగం కూడా ఆ ప్రయాణంలో ఉన్నారు. ఆమె వెనక్కి మళ్లలేదు. బురఖాతోనే గాంధీజీ వెంట మద్రాసు సాగారు. ఆ రైలుదారి మన రాజమండ్రి వంతెన మీదుగానే. తరువాత బురఖాలోనే సభల్లో ప్రసంగించారు. ఆమె ధైర్యాన్ని గాంధీజీ 'యంగ్ ఇండియా' పత్రికలో మెచ్చుకున్నారు.

సబ్ర్ అంటే చేతకానితనం కాదు. ఊళ్లో పుకారు లేచిననాడు కొడుకును గుమ్మం దగ్గరే ఆపగలిగేది తల్లి. ఆ తల్లికి చదువు, లోకజ్ఞానం ఇవ్వటం మన బాధ్యత.