కండ పెంచేది మిషనా, రాడ్డా? మన జిల్లాల చరిత్ర ఏం చెబుతోంది



కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా హాస్టల్లో నెల రోజులుగా ఒకటే గొడవ. స్కాలర్‌షిప్ పడ్డాక తలా కొంత వేసుకుని కసరత్తు సామాను కొనుక్కుందామనుకున్నాం. సగం మంది ప్లేట్లు ఎక్కించే ఛాతీ మిషన్ ఒకటి, సెకండ్ హ్యాండ్‌ది, కొందామన్నారు. మిగతా సగం మంది ఒక రాడ్డు, ప్లేట్లు, బెంచీ, స్టాండు చాలన్నారు.

మిషన్ కావాలన్నవాళ్ల మనసులో ఏముందో మాకు తెలుసు. ఒకసారి టౌన్‌లో ఒక జిమ్‌కి వెళ్లి రాడ్డు పట్టుకుంటే, "ఏటి తమ్ముడూ, కొండ మీద కట్టెలు మోసినట్టు మోస్తన్నావు, మిషన్ మీదకి రా" అని ఒకాయన నవ్వేడు. ఆ నవ్వు మావాళ్లకి గుచ్చుకుంది. మిషన్ అంటే చదువుకున్నోడిది, రాడ్డు అంటే కూలోడిది అన్నట్టు తయారైంది. ఇది నిజమేనా అని చరిత్ర తిరగేశాం. దొరికింది మీ ముందు పెడుతున్నాం.

మొదట వీరఘట్టం. మన కొండల పక్కనే, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. కోడి రామ్మూర్తి నాయుడు గారు అక్కడ పుట్టి, విజయనగరంలో పెరిగారు. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకోవడం, ఇనుప గొలుసులు తెంపడం, కార్లను తాళ్లతో ఆపడం ఆయన ప్రదర్శనలు. సొంత సర్కస్ పెట్టి దేశమంతా తిరిగారు. 1942లో చనిపోయారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆయన కాలంలో కండ అంటే దండీలు, బస్కీలు, సాము, గోదా. ఊళ్లలో సంగిడి రాళ్లు ఎత్తే పందేలు. మన ఇళ్లలో కావిడి మోత, కట్టెల మోపు. దాన్ని ఎవరూ కసరత్తు అనలేదంతే.

అప్పటికే అటు లండన్‌లో మిషన్ల బేరం మొదలైంది. శాండో అనే ప్రసిద్ధ బలశాలి స్ప్రింగులు పెట్టిన డంబెల్స్, రబ్బరు తాళ్ల పరికరాలు అమ్మేవాడు. 1904-05లో మన దేశానికి కూడా వచ్చి ప్రదర్శనలిచ్చాడు. రామ్మూర్తి గారిని 'ఇండియన్ శాండో' అన్నది ఆ పేరు మీదనే. అంటే "ఈ పరికరం లేకపోతే కండ రాదు" అన్న మాటకి నూరేళ్లు దాటింది. కొత్తదేమీ కాదు.

మా దృష్టిలో అసలు మార్పు తెచ్చింది మిషన్ కాదు, ప్లేటు. సంగిడి రాయి బరువు ఎంతుంటే అంతే. ఎత్తగలిగితే ఎత్తావు, లేకపోతే లేదు. వారం వారం రెండున్నర కిలోలు కలపడానికి రాయిలో వీలుండదు. 1902లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో అలాన్ కాల్వర్ట్ అనే ఆయన మైలో బార్‌బెల్ కంపెనీ పెట్టి, బరువు పెంచుకునే తగ్గించుకునే బార్‌బెల్స్ అమ్మడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి కొంచెం కొంచెంగా బరువు పెంచడం మామూలు మనిషికి కూడా కుదిరింది. కండ పెరగడంలో కీలకం ఇదే. మోసే బరువు మెల్లగా పెరగాలి, తిండి సరిపోవాలి, నిద్ర ఉండాలి.

ఆ ప్లేట్లతో మన జిల్లాలు ఏం చేశాయో చూడండి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. కరణం మల్లీశ్వరి అక్కడి అమ్మాయి. నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర రాడ్డు పట్టడం నేర్చుకుంది. 1994లో, 1995లో ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌ని మొదటిసారి పెట్టారు. 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన శ్రీకాకుళం ఆడపిల్ల.

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ ఉంది. వెయిట్‌లిఫ్టర్ల ఊరని పేరు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. తర్వాత మొదటి స్థానం వచ్చిన అమ్మాయి డోప్ పరీక్షలో దొరికిపోవడంతో, సంతోషి కాంస్యం రజతమైంది.

మన జిల్లాలు దాటినా, మన ఆదివాసీలం మరవకూడని ఊరు ఇంకొకటుంది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం. బ్రిటిష్ వాళ్లు ఎరుకల వాళ్లమీద 'నేరస్థ జాతి' ముద్ర వేసి, 1913లో అక్కడ సెటిల్మెంట్ పెట్టారు. ఆ చట్టం 1952లో పోయింది గానీ, ఊరి మీద ముద్ర అంత తొందరగా పోలేదు. ఆ ఊరి రాగాల వెంకట్ రాహుల్ 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 338 కిలోలు ఎత్తి బంగారు పతకం తెచ్చాడు. దొంగల ఊరని పిలిచిన ఊరికి ఆ రోజు దేశమంతా చప్పట్లు కొట్టింది.

మరి మిషన్ సంగతేంటి? దాన్ని తీసిపారేయడం మా ఉద్దేశం కాదు. 1970లో ఆర్థర్ జోన్స్ అనే అమెరికన్ నాటిలస్ మిషన్లు తెచ్చాడు. ఆయన కొడుకు గ్యారీ జోన్స్ 1989లో హ్యామర్ స్ట్రెంగ్త్ మొదలుపెట్టాడు. ఇప్పుడు జిమ్ముల్లో మనం చూసే ప్లేట్లు ఎక్కించే మిషన్లకి బాగా పేరు తెచ్చింది ఆ కంపెనీయే. రాడ్డుకి వేసే ప్లేట్లనే ఇనుప చేతులకి తగిలిస్తారు. ఆ చేయి ఒకే దారిలో కదులుతుంది కాబట్టి బరువు పక్కకి ఒరగదు. ఒంటరిగా చేసినా, ఇక చేతకాదన్నంత వరకు వెళ్లడానికి భయం తక్కువ. దెబ్బ తగిలి కోలుకుంటున్నవాళ్లకీ, కొత్తవాళ్లకీ పనికొస్తుంది. కానీ మిషన్‌కి తగిలించిన 40 కిలోలు, రాడ్డుకి వేసిన 40 కిలోలు ఒకటి కావు. లీవరు పొడవుని బట్టి మన చేతికి తెలిసే బరువు మారిపోతుంది. "మిషన్ మీద అంత ఎత్తాను" అని రాడ్డు కింద పడుకుంటే ప్రమాదం.

రెండింటినీ పోల్చిన పరిశోధనలు మొత్తం మీద చెప్పేది ఇది: ఒకే కష్టం పెడితే కండ పెరుగుదలలో పెద్ద తేడా లేదు. బలం మాత్రం దేనితో చేస్తే దానిలోనే ఎక్కువ పెరుగుతుంది. కండకి రాడ్డూ తెలీదు, మిషనూ తెలీదు. దానికి తెలిసింది బరువొకటే. మల్లీశ్వరి రాడ్డు పట్టింది ఆమె ఆట అదే కాబట్టి. మనలో చాలామందికి కావల్సింది కానిస్టేబుల్, ఆర్మీ సెలక్షన్లకి తగ్గ ఒళ్లు, ఆరోగ్యం. ఆ పనికి రెండూ చాలతాయి.

అయితే చేతిలో డబ్బులు తక్కువ ఉన్నప్పుడు లెక్క వేరు. ఛాతీ మిషన్ ఛాతీకే. ఒక రాడ్డుతో స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్ ప్రెస్, భుజాలు, వీపు, అన్నీ అవుతాయి. ముప్పై మందిమి వంతులేసుకోవచ్చు. పోయిన ఏడాది మాలో ఒకడు మిషన్ల కోసం టౌన్ జిమ్‌కి ఫీజు కట్టి, చేతి ఖర్చుకి లేక సాయంత్రం గుడ్లు, అరటిపళ్లు మానేశాడు. మూడు నెలలకి చూస్తే వాడు ఇంకా చిక్కిపోయాడు. ఆ ఫీజుతో గుడ్లు, శనగలు, చోడి అంబలి తాగి హాస్టల్లోనే దండీలు తీసుంటే కండ పట్టేది.

మొన్న ఆదివారం అందరం కూర్చుని రాడ్డే కొందామని తేల్చుకున్నాం. మూడు నియమాలు రాసి గోడకి అంటించాం. ఒంటరిగా బెంచ్ ప్రెస్ చేయకూడదు, తలవైపు ఒకడు నిలబడాలి. మొదటి నెల ఖాళీ రాడ్డుతోనే పద్ధతి నేర్చుకోవాలి. బరువు పెంచినరోజు నోట్‌బుక్‌లో రాయాలి. మిషన్ కావాలన్న తమ్ముళ్లు కూడా ఒప్పుకున్నారు. వచ్చే ఏడాది డబ్బులు మిగిలితే మిషన్ కొందామని వాళ్లకి మాటిచ్చాం, ఆ మాట తప్పం.

ఇక ఆ జిమ్‌లో నవ్వినాయనకి మా జవాబు ఒకటే. అవును, కట్టెలు మోసినట్టే మోస్తాం. మా అమ్మలు కొండ దిగి సంతకి మోసుకొచ్చిన బరువుతోనే మేం ఈ కాలేజీ దాకా వచ్చాం. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మీ హాస్టళ్లలో ఏం సామాను ఉంది, ఎలా చేస్తున్నారు, ఆడపిల్లల హాస్టళ్లలో అసలు చోటు ఇచ్చారా లేదా, కింద రాయండి. మల్లీశ్వరి పుట్టిన జిల్లాలో చెల్లెళ్లకి రాడ్డు లేకపోతే, తర్వాత అడగాల్సింది దాని గురించే.

జై ఆదివాసీ.