చేపపిల్ల మేతలో తక్కువైనదేమి?

వేరుశెనగ చెక్క సంగతి చిత్తూరు, తిరుపతి జిల్లాల వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. పాడి ఆవుకు నానబెట్టి పెట్టే ఆ చెక్కనే తవుడుతో సరిపాళ్ళుగా కలిపి చేపపిల్లలకూ వేస్తున్నాము. అయినా పిల్లలు అనుకున్నంత ఎదగవు. మన చెరువుల్లో నీరుండేది కొద్ది నెలలే గదా! పిల్ల వేలెడు పొడవు కావడానికే పొద్దుపోతే, నీరింకేనాటికి అమ్మకపు బరువుకు రాదు.

వెనుకటి రోజుల్లో నదుల వరదనీటిలో పిల్లలను పట్టి తెచ్చి వదిలేవారు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి, అలీకున్హి గార్లు పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి మన గండుచేపల చేత గుడ్లు పెట్టించినారు. ఆ పద్ధతి వ్యాపించాక పిల్లలకు కొదవ తీరింది, మేత ప్రశ్న మిగిలింది.

ఆ 1957లోనే అమెరికాలో జాన్ హాల్వర్, ఆయన తోటివారు సాల్మన్ పిల్లల మీద పరీక్షలు చేసినారు. మాంసకృత్తులంటే అమైనో ఆమ్లాల కూర్పు. వాటిలో పదింటిని చేప తన ఒంట్లో తయారు చేసుకోలేదు, మేతలోనే రావాలని తేల్చినారు. కళ్ళంలో బంతి కట్టిన పది ఎద్దుల్లో ఒకటి కుంటితే తక్కినవి ముందుకు పోగలవా? ఇదీ అంతే. వాడుకకు రాని మాంసకృత్తు అమ్మోనియాగా మారి కుంట నీటిని చెరుస్తుంది. డబ్బు పోయె, నీరూ పాడాయె!

మన చెక్కలో మాంసకృత్తులు నూటికి 40 పైమాటే. కాని ఆ మాంసకృత్తుల్లో లైసిన్ నూటికి 3.5 వరకే. బంగారుతీగ పిల్లకు 5.7 కావాలని జపానులో నోసె గారు 1979లో ప్రకటించినారు. మిథియోనీన్ కూడా చెక్కలో కొరతే.

అయితే ఆ రెండూ విడిగా కొని కలిపితే సరిపోదా? 1970లో జపానువారు మాంసకృత్తులకు బదులు విడి అమైనో ఆమ్లాలే పెట్టి చూస్తే బంగారుతీగ పిల్లలు ఎదగలేదు. చాలామంది నిరాశపడినారు. 1974లో నోసె బృందం ఆ మేత పులుపును కాస్టిక్ సోడాతో విరిచి పెట్టగా పిల్లలు పెరిగినవి. ఇంకొక చిక్కు, ఈ చేపకు జీర్ణకోశపు సంచి లేదు. విడి ఆమ్లం ముందుగా రక్తంలో చేరుతుంది, చెక్కలోనిది నింపాదిగా వస్తుంది. రెండూ కలుసుకోకపోతే కండ పట్టదు. కనుకనే మేతను ఒక్కసారిగా గుమ్మరించక, రోజుకు మూడు నాలుగు సార్లుగా వేయాలంటారు. నా మట్టుకు నాకు, కొత్త పొడుల కంటే ముందు ఈ పద్ధతే పట్టవలసినదనిపిస్తుంది.

నేడు కంపెనీ గుళికల మేతల్లో ఈ ఆమ్లాలు కలిపి, మొత్తం మాంసకృత్తులు కొంత తగ్గిస్తున్నారు. ఇంట్లో మేత కలుపుకొనేవారు వేరుశెనగ చెక్కలో కొంత తీసి సోయా చెక్క వేస్తే లైసిన్, నువ్వుల చెక్క వేస్తే మిథియోనీన్ పెరుగుతాయి. బూజు పట్టిన చెక్క మాత్రం ఎంత చవకైనా కుంటలోకి పోనివ్వకండి. అందులోని విషం చేప కాలేయాన్ని దెబ్బతీస్తుంది.