ఉక్కులో జౌహర్: కత్తి మీద నిచ్చెన నగిషీ ఎలా పుడుతుంది?

పాత కత్తుల అలుగు మీద నీటి అలల్లా, కోసిన టేకు చెక్క మీది గీతల్లా కనిపించే నగిషీని ఫార్సీ, ఉర్దూల్లో జౌహర్ అంటారు. రత్నానికీ, మనిషిలోని అసలు గుణానికీ కూడా అదే మాట. పేరు బాగా కుదిరింది. ఎందుకంటే ఇది పైన చెక్కింది కాదు, పూసింది అంతకన్నా కాదు, ఉక్కు లోపలిదే. అరబ్బులు దీన్ని ఫిరింద్ అన్నారు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న అల్ కిందీ కత్తుల గురించి రాసిన గ్రంథంలో ఆ మాట కనిపిస్తుంది.

లోకం దీన్ని డమాస్కస్ ఉక్కు అంటుంది. అయితే అలాంటి ఉక్కు తయారీకి పేరుపడ్డ ఊళ్లలో మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. హెన్రీ వాయిసీ అనే భూగర్భ పరిశీలకుడు ఇక్కడి పని చూసి రాసిన వివరం, ఆయన చనిపోయాక 1832లో అచ్చయింది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు ఈ ఊరికి వచ్చేవారనీ, ఇనుము తూకం దగ్గర్నుంచి తయారైన ముద్ద గట్టిదనం దాకా దగ్గరుండి చూసుకునేవారనీ అందులో ఉంది. అంతదూరం నుంచి వచ్చి కొలిమి పక్కన కాపలా కాశారంటే సరుకు విలువ ఏపాటిదో తెలుస్తుంది.

పని మట్టి మూసతో మొదలవుతుంది. ఇనుప ముక్కల్ని బొగ్గునిచ్చే పదార్థంతో కలిపి మూసలో పెట్టి, మూత మెత్తి, తిత్తులు ఊదుతూ గంటల తరబడి కాలుస్తారు. కరిగిన లోహాన్ని మెల్లగా చల్లారనిస్తే గుండ్రటి ముద్ద వస్తుంది. ఇందులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం. ఇంటి స్లాబులో వాడే కడ్డీలో అది పావు శాతం అటూఇటూ ఉంటుంది.

అసలు కష్టం ఆ ముద్దను సాగగొట్టి కడ్డీ చేయడంలో ఉంది. మామూలు ఇనుములా తెల్లగా కాగేదాకా వేడి చేస్తే ఇది సమ్మెట కింద పొడిపొడిగా రాలిపోతుంది. ఎర్రటి వేడిలోనే, తేలిక దెబ్బలతో, మళ్లీ మళ్లీ కాల్చుతూ కొట్టాలి. అలా కాల్చీ కొట్టీ చేసేటప్పుడు లోపల కార్బన్‌తో ఏర్పడిన గట్టి రేణువులు పొరలు పొరలుగా బారులు తీరతాయి. ఉక్కులో వెనేడియం వంటి లోహం లేశమాత్రం ఉండటమే అందుకు తోడ్పడుతుందని అమెరికా శాస్త్రవేత్త జాన్ వెర్హోవెన్, కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే 1998లో వివరించారు.

ఈ పొరలు కత్తి ముఖానికి సమాంతరంగా పరుచుకుని ఉంటాయి. అందుకే అలా వదిలేస్తే సన్నటి అలలే కనిపిస్తాయి. నిచ్చెన కావాలంటే కమ్మరి ఒక ఉపాయం చేస్తాడు. అలుగు పూర్తి మందానికి రాకముందే, ఆకురాయితో దాని వెడల్పు పొడవునా అడ్డంగా, సమ దూరాల్లో గాళ్లు కోస్తాడు. ఆ తర్వాత కాల్చి, గాడి కనిపించకుండా చదునుగా కొడతాడు. కోసిన చోట పైపొరలు పోయాయి కదా, సమ్మెట దెబ్బకు అడుగు పొరలు పైకి ఉబికి వస్తాయి. నునుపు పట్టాక అక్కడ మెట్టులా అడ్డ గీత తేలుతుంది. తుర్కీలో ఈ నగిషీని కిర్క్ నర్దుబాన్, అంటే నలభై మెట్ల నిచ్చెన అన్నారు. గాడికి బదులు గుండ్రటి గుంటలు తీస్తే గులాబీ లాంటి చుట్లు వస్తాయి. మెట్ల మధ్య దూరం తప్పిందంటే దాన్ని దాచే వీల్లేదు, కత్తి ఉన్నంత కాలం కనిపిస్తుంది.

ఇంత చేసినా, నునుపు పట్టిన ఉక్కు అద్దంలా మెరుస్తుందే తప్ప జౌహర్ సరిగ్గా కనపడదు. అన్నభేది వంటి లవణం కలిపిన ద్రావణం రాస్తే ఉక్కు నల్లబడి, రేణువుల బారులు తెల్లగా మిగులుతాయి.

ఇప్పుడు బజార్లో, ఆన్‌లైన్‌లో డమాస్కస్ అని అమ్మే చాకులు రెండు రకాలు. ఒకటి, రెండు వేర్వేరు ఉక్కుల పలకల్ని పేర్చి అతికించి కొట్టింది. ఇదీ నిజాయితీ గల పనే, కానీ మూస ఉక్కు కాదు. రెండోది, మామూలు ఉక్కు మీద లేజరుతోనో ఆమ్లంతోనో గీసిన బొమ్మ. చాకు వీపు వైపు తిప్పి చూడాలి. నగిషీ లోపలిదైతే పొరల ఆనవాలు వీపు మీదా ఉంటుంది. పై ముఖానికే ఆగిపోతే అనుమానించాల్సిందే.

తాతల నాటి కత్తి ఇంట్లో ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. తుప్పు వదిలిద్దామని మంటలో పెట్టించకూడదు. వేడి 1000 డిగ్రీల సెల్సియస్ దాకా పోతే రేణువులు ఉక్కులో కరిగి, జౌహర్ మాయమవుతుంది. ఎమెరీ కాగితంతో రుద్దడం, దుకాణంలో మెషిన్ పాలిష్ చేయించడం కూడా వద్దు. పొడి గుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాసి, తేమ తగలనిచోట ఉంచితే చాలు. తోలు ఒరలో పెట్టి ఏళ్లతరబడి వదిలేస్తే తోలు పీల్చిన చెమ్మే తుప్పుకు మూలమవుతుంది. పైకి నల్లగా, మొద్దుగా కనిపించే కత్తిలో కూడా జౌహర్ ఉండొచ్చు కాబట్టి, ఏదైనా చేయించే ముందు మ్యూజియంలో లోహ వస్తువుల సంరక్షణ తెలిసినవారికి చూపించడం మేలు.